పై పెదవి పలచబడితే ఫిల్లరొక్కటే దారి కాదు

పెళ్ళికి వారం ముందు పెదాలకు ఫిల్లర్ (పెదవి నిండుగా కనబడేందుకు సూదితో ఎక్కించే జెల్) వేయించుకుందామనుకునేవాళ్ళు కర్నూలు, అనంతపురం, కడపల్లోనూ ఉన్నారు. వారం చాలదు. వాపు మొదటి 2, 3 రోజులు గట్టిగా ఉంటుంది, కమిలిన మచ్చలు పోవడానికి వారం పది రోజులు పడుతుంది, అసలు ఆకారం తెలిసేసరికి 2 వారాలు. ఏదైనా సరిచేయాల్సి వస్తే మళ్ళీ అంత సమయం కావాలి. ముహూర్తానికి కనీసం నెల ముందే వెళ్ళాలి.

దానికంటే ముందు అద్దం దగ్గర నిలబడి నోరు వదులుగా, కాస్త తెరిచి చూసుకోండి. పాతికేళ్ళ వయసులో పై ముందుపళ్ళ అంచు 2 నుంచి 4 మిల్లీమీటర్లు కనబడుతుంది. యాభై దాటాక పై పళ్ళు దాక్కుని, కింది పళ్ళు కనబడటం మొదలవుతుంది. పెదవి సన్నబడటమొక్కటే దీనికి కారణం కాదు. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ తగ్గి ముక్కు కింద చర్మం సాగుతుంది, పై పెదవి పొడవు పెరుగుతుంది, ఎర్రభాగం లోపలికి ముడుచుకుంటుంది, మధ్యలోని విల్లు వంపు చదునవుతుంది. ఇలా సాగిన పెదవిలో ఫిల్లర్ ఎక్కువగా నింపితే బరువెక్కి ముందుకు పొడుచుకొస్తుందే గానీ పడుచుతనం రాదు. పళ్ళు ఊడి దవడ ఎముక అరిగినవాళ్ళు ముందు పళ్ళ డాక్టరును చూడాలి. సరిగ్గా కుదిరిన కట్టుడు పళ్ళు పెదవికి వెనక నుంచి ఆసరా ఇస్తాయి.

మన ఎండలు ఇంకో దెబ్బ. పెదవి ఎర్రభాగంలో చెమట గ్రంథులు లేవు, పొర పలచన, నూనె దాదాపు ఊరదు. తడారిందని నాలుకతో తడిపితే ఆ తడి ఆరేటప్పుడు ఉన్న తేమనూ లాక్కుపోతుంది. పగలు ఎండ నుంచి కాపాడే ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్, రాత్రి మామూలు వాసెలిన్ చాలు. కింది పెదవి మీద నెలల తరబడి మానని పొలుసుంటే అందం సంగతి పక్కనపెట్టి డాక్టరుకు చూపించాలి. వక్క, గుట్కాతో నోరు సరిగ్గా తెరుచుకోనివాళ్ళు కూడా అంతే.

వేయించుకోవాలనే అనుకుంటే అవసరమైతే కరిగించగలిగే హైలూరోనిక్ యాసిడ్ ఫిల్లరే అడగండి. తొలిసారికి అర మిల్లీలీటరు చాలామందికి సరిపోతుంది, 1 మిల్లీలీటరు దాటొద్దు. సాధారణంగా 6 నుంచి 12 నెలలు నిలుస్తుంది. కరగని సిలికాన్ వద్దే వద్దు, గడ్డలు కడితే తీయడం చాలా కష్టం. సూది లేకుండా ఫిల్లర్‌ను ఒత్తిడితో లోపలికి కొట్టే పెన్నుల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. పెదవి అంచున తరచూ నీటి పొక్కులు వచ్చేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి, సూది పడితే అవి మళ్ళీ లేవొచ్చు. డాక్టరు ముందుగా మాత్రలు మొదలుపెడతారు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్ళడం, లేదా దాన్ని నొక్కేయడం. పెదవి తెల్లగా పాలిపోతుంది, లేదా వలలాంటి ఊదారంగు చారలు పాకుతాయి, వాపుకు మించిన నొప్పి ఉంటుంది. వేలితో నొక్కి వదలండి. 2, 3 సెకన్లలో రంగు తిరిగి రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, ఐసు పెట్టొద్దు. అదే గంటలో సూది వేసిన డాక్టరుకు ఫోన్ చేసి వెళ్ళాలి. దీనికి విరుగుడు హైలూరోనిడేజ్ ఇంజెక్షన్, ఫిల్లర్‌ను కరిగిస్తుంది. అది ఆ క్లినిక్‌లో సిద్ధంగా ఉందా, రాత్రి పూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి అని డబ్బు కట్టేముందే అడగండి. బ్యూటీ పార్లరులో ఈ రెండింటికీ జవాబు దొరకదు.