మూడో వారానికే తేరుకున్న బీరు

ఇంట్లో కాచిన నా హేజీ ఐపీఏ, అంటే మసకగా కనిపించాల్సిన బీరు, కెగ్‌లో (స్టీలు పీపాలో) పోసిన రోజు అచ్చం మామిడి రసంలా ఉంది. మూడో వారం శనివారం అన్నయ్యవాళ్లు వస్తే గ్లాసులో పట్టి ఇచ్చాను. అందులోంచి ఎదురుగోడ మీద క్యాలెండర్ కనిపిస్తోంది. "హేజీ అన్నావు కదరా?" అన్నాడు. రుచికి వంక పెట్టలేదు గానీ, నాకు మాత్రం తలకొట్టేసినట్టయింది.

ఈస్ట్ అడుక్కి దిగి ఉంటుందనుకుని, ఫ్రిజ్‌లోంచి కెగ్ తీసి తలకిందులు చేసి ఊపాను. మర్నాడు పడితే కుడితిలా వచ్చింది. చూడ్డానికి చిక్కగానే ఉంది, తాగితే గొంతులో గరగర, పైగా చేదు. రెండు రోజులకు మళ్లీ తేట. పప్పుచారు గరిటెతో కలిపినంతసేపే చిక్కగా ఉంటుంది, వదిలేస్తే పైన నీళ్లు, కింద ముద్ద. నేను చేసిందీ అంతే.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, మసక రెండు రకాలని. ఈస్ట్, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) ముక్కల వల్ల వచ్చేది చలికి అడుక్కి దిగిపోతుంది. ఓట్స్, గోధుమల్లోని ప్రొటీన్లు హాప్స్‌లోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలతో కలిసి వచ్చేది చాలా సన్నటిది, అంత తొందరగా దిగదు. అది కాచేటప్పుడు, పులిసేటప్పుడు తయారవ్వాలి. కెగ్‌లో కొత్తగా పుట్టించలేం.

నోట్‌బుక్ తిరగేశాను. మరుగు ఆఖరి 15 నిమిషాల్లో అలవాటుగా ఐరిష్ మాస్ అనే సముద్రపు నాచు బిళ్ల వేశాను. దాని పనే ప్రొటీన్లను ముద్దకట్టించి కిందికి లాగడం! హేజీ బీరులో దాన్ని వేసింది నేనే, మళ్లీ మసక ఏదని వెతికిందీ నేనే. ఈస్ట్ కూడా తొందరగా అడుక్కి దిగే రకం. హాప్స్ అన్నీ పులవడం అయిపోయాకే వేశాను.

రెండోసారి 5 గ్యాలన్లకు గింజల్లో 15 శాతం అటుకుల్లాంటి ఓట్స్, ఇంకో 15 శాతం గోధుమ. బిళ్ల లేదు. ఈస్ట్ లండన్ ఏల్ త్రీ అనే రకం. హాప్స్‌లో సగం మూడో రోజున, నురగ జోరుగా ఉండగానే వేశాను.

కెగ్ దగ్గర నా భయమల్లా గాలి. ఇన్ని హాప్స్ ఉన్న బీరుకు ఆక్సిజన్ తగిలితే కోసిపెట్టిన వంకాయలా నల్లబడుతుంది. అందుకే కెగ్ నిండా శానిటైజర్ నీళ్లు పోసి, కార్బన్ డయాక్సైడ్‌తో వాటిని బయటికి నెట్టి, మూత తియ్యకుండా గొట్టంతోనే బీరు ఎక్కించాను. 38 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి, 12 పీఎస్‌ఐ గ్యాస్ ఒత్తిడి. గొట్టం అడుగు నుంచి లాగుతుంది కాబట్టి మొదటి రెండు గ్లాసులు మడ్డే, సింకులో పోశాను. ఆ తర్వాత కెగ్‌ను కదపలేదు. ఊపాలని చెయ్యి లాగేది, నిజమే.

ఆరో వారంలో కూడా గ్లాసు వెనక వేలు కనిపించలేదు. అన్నయ్యకు ఫొటో పంపాను. కాకపోతే అప్పటికి మామిడి వాసన సగం పోయింది. రంగు నిలిచింది, వాసన నిలవలేదు. ఈసారి నాలుగు వారాల్లో కెగ్ ఖాళీ చెయ్యాలి, అంటే అన్నయ్యవాళ్లను ప్రతి శనివారం పిలవాలి.