ధవళేశ్వరానికి వచ్చి కొలువు మానుకున్న వికారు

ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ 1766లో వెలువడింది. అందులోని డాక్టర్ ప్రిమ్‌రోజ్ అనే పల్లెటూరి వికారుకూ, అంటే పాస్టరుకూ, కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’లోని రాజశేఖరుడికీ ఉన్న చుట్టరికం, అంటే ఆ ఇంగ్లీషు నవల ఆధారంగా ఈ తెలుగు నవల పుట్టిందన్న సంగతి, తెలుగు సాహిత్యం చదువుకున్న వారందరికీ పరీక్షలో రాయవలసిన ఒక వాక్యంగా తెలుసు. ఆబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాట మీద పరిచే పాత పుస్తకాలలో రెండూ దొరికిన తరువాత, ఒకదాని వెంట ఒకటి చదివినప్పుడు, ఆ ఒక్క వాక్యం దాటవేసిన ఒక సంగతి నాకు కొట్టవచ్చినట్టు కనిపించింది. కష్టాలు, కూతుళ్లు, చెరసాల, మారువేషంలో తిరిగే గొప్పవాడు, అన్నీ గోదావరి ఒడ్డుకు వచ్చాయి కానీ, నాయకుడి కొలువు మాత్రం రాలేదు.

ప్రిమ్‌రోజ్ మంచితనం అతని కొలువులోనే ఉంది. గుడి పని మీద అతనికి ఏడాదికి 35 పౌండ్లు వస్తాయి. సొంత ఆస్తి ఉన్నందువల్ల ఆ సొమ్మంతా చనిపోయిన పాస్టర్ల భార్యలకూ పిల్లలకూ ఇచ్చేస్తాడు. సహాయకుణ్ణి పెట్టుకోకుండా ఊళ్లో ప్రతి మనిషినీ తానే ఎరిగి ఉంటాడు. పాస్టరు భార్య పోయినా మళ్లీ పెళ్లి చేసుకోకూడదన్న సిద్ధాంతం ఒకటి అతని తలకెక్కి ఉంటుంది. పెద్దకొడుకు పెళ్లి ముంగిట, నాలుగో పెళ్లికి సిద్ధపడుతున్న కాబోయే వియ్యంకుడితో దాని మీద వాదానికి దిగుతాడు. సరిగ్గా అప్పుడే, తన డబ్బు దాచిన వ్యాపారి పారిపోయాడన్న వార్త చెవిన పడుతుంది. పెళ్లి అయ్యేదాకా నోరు మూసుకోమని బంధువు బతిమాలినా వినడు. సంబంధం తప్పిపోయి, ఏడాదికి 15 పౌండ్లు వచ్చే మరో చిన్న ఊరికి కుటుంబమంతా తరలిపోతుంది.

అతను మోసపోయే తీరు కూడా చక్కనిది. రెండో కొడుకు మోజెస్ సంతలో గుర్రప్పిల్లను అమ్మి, వెండి అంచులని నమ్మి రాగి అంచుల ఆకుపచ్చ కళ్లజోళ్లు పన్నెండు డజన్లు మోసుకొస్తాడు. తరువాత రెండో గుర్రంతో తండ్రే సంతకు వెళ్లి, సృష్టి పుట్టుక మీద పాండిత్యం ఒలకబోసే ముసలి జెంకిన్‌సన్ చేతిలో అంతకంటే అందంగా మునుగుతాడు. ఈ కథంతా ప్రిమ్‌రోజే ‘నేను’ అంటూ చెప్పుకుంటాడు కనుక, తన అమాయకత్వం తనకు కనపడదు, మనకు కనపడుతుంది. గోల్డ్‌స్మిత్ హాస్యమంతా ఆ సందులోనే ఉంది.

అయితే ఈ పుస్తకానికి ప్రాణం చెరసాల ఘట్టం. అద్దె కట్టలేక ఖైదులో పడిన ప్రిమ్‌రోజ్, తోటి ఖైదీలకు ప్రసంగం మొదలుపెడతాడు. వాళ్లు వెక్కిరిస్తారు, జేబులోని కళ్లజోడు కాజేస్తారు. మరునాడు మళ్లీ చెబుతాడు. వారం తిరగకుండానే కొందరు మారతారు. తరువాత వాళ్ల చేత కొయ్య మేకులు చెక్కించి, అమ్మిన డబ్బుతో నాలుగు పైసలు వాళ్లకు మిగిలేట్టు చేస్తాడు. తనను ముంచిన జెంకిన్‌సన్ కూడా అక్కడే ఎదురైతే క్షమిస్తాడు. సంతలో నవ్వులపాలైన మనిషి ఇక్కడ నిటారుగా నిలబడడానికి కారణం అతని వృత్తే. బోధించడం అతనికి పని. ఆ పని చెరసాలలోనూ ఆగలేదు.

‘రాజశేఖర చరిత్రము’ 1878లో వీరేశలింగం పత్రిక ‘వివేకవర్ధని’లో వరుసగా వచ్చి, 1880లో పుస్తకమయింది. రాజశేఖరుడు ధవళేశ్వరంలోని సంపన్న గృహస్థు. ఉన్నంతకాలం పొగిడేవారికి పెడతాడు, పోయాక వారెవరూ గడప తొక్కరు. బంగారం చేస్తానన్న బైరాగి ఇంట్లో ఉన్న బంగారంతో ఉడాయిస్తాడు. కాశీకని బయలుదేరిన కుటుంబం పెద్దాపురం ప్రాంతంలోనే చిక్కుబడి, అతను శోభనాద్రిరాజు అనేవాడి వల్ల ఖైదు పాలవుతాడు. మారువేషంలో తిరిగే ప్రభువు కృష్ణజగపతి చివరకు అందరినీ గట్టెక్కిస్తాడు. ప్రిమ్‌రోజ్‌కు చెరసాల ప్రసంగ వేదిక. రాజశేఖరుడికి అది కష్టం మాత్రమే.

వీరేశలింగం ఇలా ఎందుకు చేశారో ఊహించడం కష్టం కాదు. మన పురోహితుడికీ అర్చకుడికీ వారం వారం ఊరినంతా కూర్చోబెట్టి హితవు చెప్పే బాధ్యత లేదు. పైగా జ్యోతిషాన్నీ, స్వర్ణవిద్యనూ, దయ్యాల భయాన్నీ ఎండగట్టడానికి నవల రాస్తున్న సంస్కర్త, మతం పేరున బతికేవాణ్ణి నాయకుడిగా నిలపలేడు. ఈ కథలో కాషాయం బైరాగికి దక్కింది. అందుచేత ప్రసంగం రచయిత చేతికి వెళ్లింది. ‘నేను’ పోయి కథ చెప్పే గొంతు వీరేశలింగానిదే కావడంతో, రాజశేఖరుడు బోధించేవాడి స్థానం నుంచి బోధపడవలసినవాడి స్థానానికి జారాడు. నవలగా దీనివల్ల లాభమే కలిగిందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆనాటి ఇల్లూ ఊరూ అంత వివరంగా కనిపించడానికి ఆ పైనుంచి చూసే చూపే కారణం. కానీ పాత్ర మాత్రం పలచబడింది. రాజశేఖరుడి మీద జాలి కలుగుతుంది, ప్రిమ్‌రోజ్ మీద కలిగే గౌరవం కలగదు.

ఇంగ్లండు నాటకరంగం కూడా ప్రిమ్‌రోజ్‌కు పెద్దగా న్యాయం చేయలేదు. 1878లోనే, అంటే మన రాజశేఖరుడు పత్రికకెక్కిన ఏడాదే, గోల్డ్‌స్మిత్ నవల ఆధారంగా విల్స్ రాసిన నాటకం లండన్‌లో ‘ఒలీవియా’ అన్న పేరుతో ఆడింది. కూతురుగా ఎలెన్ టెర్రీ నటించారు. 1885లో హెన్రీ ఇర్వింగ్ వికారు వేషం కట్టినా, ఆ పేరే చెబుతున్నట్టు కథ మోసపోయిన కూతురిది. ఇక 1887లో హచిన్‌సన్ రాజశేఖరుణ్ణి ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు, ఇంగ్లండు పాఠకులకు తమ కథ తమ పాస్టరు లేకుండా తిరిగి చేరింది.

ఈనాడు తెలుగులో ఎవరైనా ఈ కథను తెరకెక్కించదలిస్తే, కొలువు మార్చనవసరం లేదు. సికింద్రాబాద్ చర్చి వీధుల్లో పెరిగినవారికి ‘అయ్యగారు’ అని పిలిచే పాస్టరు పరాయి మనిషి కాదు. ఇంటి ప్రార్థనకు వచ్చి పిల్లల మార్కులు అడిగేవారూ, కానుక సొమ్ము ఎవరి ఆసుపత్రి ఖర్చుకో చడీచప్పుడు లేకుండా పంపేవారూ, వాక్యం చెప్పడం మొదలుపెడితే గడియారం చూడనివారూ వారిలో ఉన్నారు. మన సినిమాలలో పాస్టరు పెళ్లి చేయడానికో, పాపం చెప్పుకునేవాడి మాట వినడానికో రెండు నిమిషాలు కనబడి వెళ్లిపోతాడు. అతనికి ఆరుగురు పిల్లల్నీ, అప్పునూ, మాట వినని భార్యనూ, వదలని ఒక పిచ్చి సిద్ధాంతాన్నీ ఇచ్చి, కథ సగమయ్యాక చంచల్‌గూడ జైలుకు పంపాలి. అక్కడ మొదటి రోజు కళ్లజోడు పోగొట్టుకుని, రెండో రోజు మళ్లీ లేచి నిలబడే దృశ్యాన్ని మన నటులు బాగానే పండించగలరు.