ఎస్ఏ సోషల్ పోస్టు, మా సార్ అడిగిన ‘ఎందుకు’

ప్రభుత్వ టీచర్ పోస్టుల భర్తీకి పెట్టే మెగా డీఎస్సీలో నాకు స్కూల్ అసిస్టెంట్ (ఎస్ఏ) సోషల్ పోస్టు, అంటే హైస్కూల్లో సోషల్ చెప్పే ఉద్యోగం వచ్చింది. రిజల్ట్ తెలిసినప్పటి నుంచి ఒకటే ప్రశ్నలు. ఏ కోచింగ్, ఏ మెటీరియల్, రోజుకు ఎన్ని గంటలు? ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక రాస్తున్నా. పరీక్ష ప్యాటర్న్ మీకు తెలిసిందే, దాని జోలికి పోను.

నా ప్రిపరేషన్ గురించి చెప్పాలంటే హైస్కూల్లో మాకు సోషల్ చెప్పిన సార్ దగ్గరే మొదలుపెట్టాలి. మాది అనంతపురం జిల్లా, జెడ్పీ స్కూలు. సార్ క్లాసుకు అట్లాస్ తెచ్చేవారు కాదు. సుద్దముక్క బోర్డుకు ఆనించి, చెయ్యి ఎత్తకుండా ఇండియా మ్యాపు గీసేవారు. గుజరాత్ వంపు దగ్గర మాత్రం కాస్త నెమ్మదించేవారు. తర్వాత ముక్కను అడ్డంగా పట్టి పశ్చిమ తీరం పొడవునా రుద్దేవారు. అవే పశ్చిమ కనుమలు. అప్పుడు అడిగేవారు: "మేఘాలు అరేబియా సముద్రం మీంచి బయల్దేరినాయి. మన ఊరికి వాన ఎందుకు రాలేదప్పా?"

ఆ ఏడు మా చేన్లలో బుడ్డలు (వేరుశనగ) ఎండిపోయాయి. కాబట్టి అది మాకు పుస్తకంలో ప్రశ్నలా అనిపించలేదు. "మోడం (మబ్బు) పట్టింది గానీ గాలి ఎత్తుకుపోయింది సార్" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. వాణ్నే బోర్డు దగ్గరికి పిలిచి, ఆ గాలి ఎటునుంచి వచ్చింది, దారిలో ఏం అడ్డమొచ్చింది అని అడుగుతూ పోయారు. నైరుతి గాలి కనుమలెక్కేటప్పుడే తడి చాలావరకు అటువైపు కురిసేస్తుందని, ఇటు దిగేసరికి వేడెక్కి పొడిబారుతుందని వాడి నోటితోనే చెప్పించారు. "మరి ఈశాన్య రుతుపవనాలో?" అవి తీరానికి కురిసినంతగా మన దాకా రావు. అంతా అయ్యాక, అప్పుడు బోర్డు మీద రాశారు: వర్షచ్ఛాయా ప్రాంతం.

2018 డీఎస్సీలో నాకు కొద్దిలో పోయింది. చదవలేదని చుట్టాలు అన్నారు గానీ, బిట్ బ్యాంకులు అరిగిపోయేదాకా చదివాను. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చేదాకా మన బతుకులు ఎలా గడిచాయో మీకు చెప్పక్కర్లేదు. 2024లో వచ్చిన నోటిఫికేషన్ కూడా పరీక్ష జరగకుండానే రద్దయింది. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, రాత్రిళ్లు చదివినవాణ్ని పట్టుకుని "ఇన్నేళ్లా?" అంటే ఏం చెప్పాలి?

ఈసారి సార్ పద్ధతి పట్టుకున్నా. 6 నుంచి 10 దాకా పాఠ్యపుస్తకాల్లో ప్రతి విషయం పక్కన పెన్సిల్‌తో ‘ఎందుకు?’ అని రాసుకోవడం, జవాబు దొరక్కపోతే పేజీ తిప్పకపోవడం. దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉంటే నర్మద, తపతి పడమటికి ఎందుకు పారతాయి? అవి పగులు లోయల్లో పోతున్నాయి కాబట్టి. రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి అనగానే బ్రిటిష్ అధికారి మన్రో పేరు టిక్కు పెట్టేస్తాం. మరి నిజాం 1800లో బ్రిటిష్‌వాళ్లకు ఇచ్చేసిన మన సీడెడ్ జిల్లాల్లో (రాయలసీమ వైపు) ఆయన పాలెగాళ్లను అణచి, నేరుగా రైతు దగ్గరే శిస్తు ఎందుకు కట్టించుకున్నాడు? ఇది తెలిస్తే ప్రశ్న ఎటు తిప్పి అడిగినా టెన్షన్ ఉండదు. మొదట్లో రోజుకు నాలుగు పేజీలు కూడా సాగవు. సాగకపోయినా పర్వాలేదు.

మెథడాలజీలో (బోధనా పద్ధతుల సబ్జెక్టు) ఆగమన పద్ధతి చదువుతుంటే నవ్వొచ్చింది. తెలిసిన దాన్నుంచి తెలియని దానికి, ఉదాహరణ నుంచి సూత్రానికి. మా సార్ పేరు పెట్టకుండా రోజూ చేసింది అదే. సైకాలజీ, పీఐఈ (విద్యా దృక్పథాలు), జీకే అందరిలాగే చదివాను, కొత్తగా చెప్పేదేం లేదు.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు దించుకోవడం చదువు కాదు. ఫోన్ పక్క గదిలో పెట్టలేనివాళ్లు సిలబస్ పెద్దదని ఏడవకూడదు. గంటలు లెక్కేసుకుని స్టేటస్ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పుస్తకం ముందు కూర్చోవాలి, అంతే.

సార్ రిటైరై చాన్నాళ్లయింది. ఫోన్ చేసి చెబితే సంతోషించారు. వెంటనే, "మ్యాపు చేత్తో గీయగలవా, ప్రొజెక్టర్ కావాలా?" అన్నారు. గుజరాత్ దగ్గర ఇంకా తడబడుతున్నానని చెప్పాను.

ఈసారి డీఎస్సీ రాసేవాళ్లు టెట్‌ను (టీచర్ అర్హత పరీక్ష) తేలిగ్గా తీసుకోకండి. 150లో 15 మార్కులు పెరిగితే డీఎస్సీకి కలిపే టెట్ వెయిటేజీలో 2 మార్కులు కలుస్తాయి. అర మార్కు ప్రశ్నల పరీక్షలో అవి నాలుగు ప్రశ్నలతో సమానం. స్కోరు తక్కువున్నవాళ్లు మళ్లీ రాయండి.