కుర్చీని లెక్కపెట్టారు, స్లడ్జ్‌ని మర్చిపోయారు

ఆగస్టు 31 అర్ధరాత్రికి కాంట్రాక్టు అయిపోతుంది, కొత్త టెండరు ఇంకా తేలలేదు, ఈ మధ్యలో మూడు నెలలు మురుగుశుద్ధి ప్లాంటుని ఎవరో ఒకరు నడపాలి. విశాఖలో ఒక ప్లాంటు దగ్గర ఈ పని నా నెత్తిన పడింది. ఏ ప్లాంటో చెప్పను, నరవలో ఉన్న 108 ఎంఎల్‌డీ అంత పెద్దది మాత్రం కాదు. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు, చిన్న ప్లాంటైనా తక్కువ నీళ్ళేం కాదు.

పాత కాంట్రాక్టరుకే పొడిగిద్దామంటే, పాత రేటుకి ససేమిరా అన్నాడు. షార్ట్ టెండరు పిలిస్తే ఒక్కరే వచ్చారు. ఇక మిగిలింది మనమే మనుషుల్ని పెట్టుకుని నడపడం.

అప్పగింత రోజు జాయింట్ ఇన్‌స్పెక్షన్‌లో పంపులు, మోటార్లు, వాల్వులు, ల్యాబులో గాజుసామాను, ఆఖరికి ఆఫీసులో ఒక కాలు విరిగిన కుర్చీ కూడా పట్టికలోకి ఎక్కింది. ఏరేషన్ ట్యాంకులో ఉన్న స్లడ్జ్‌కి మాత్రం ఒక్క గడి లేదు. అసలు ప్లాంటంటే అదే కదా! ఆ గోధుమరంగు బురదలో ఉన్న బ్యాక్టీరియానే మురికిని తినేది, మిగతా ఇనుమంతా వాటికి గాలీ తిండీ అందించడానికే. గాలి కొట్టే బ్లోయర్లు రెండు మూడు గంటలు ఆగినా అవి తట్టుకుంటాయి, ఒక రోజు దాటితే నల్లబడి కుళ్ళిన గుడ్ల వాసన మొదలవుతుంది, మళ్ళీ పెంచాలంటే వారాలు పడుతుంది, ఈలోపు ఊళ్ళో ఎవరూ స్నానాలు మానరు.

అక్కడ ఒక పాత ఆపరేటర్ ఉన్నాడు, పెందుర్తి నుంచి బండి మీద వస్తాడు. లీటరు జార్‌లో ట్యాంకు నీళ్ళు పట్టి, అరగంట కదపకుండా ఉంచి నాకు చూపించాడు. మామూలుగా ఒక 300 మిల్లీలీటర్ల దగ్గర స్లడ్జ్ కూర్చుని పైన తేటగా ఉండాలి. 720 దగ్గర ఆగింది. "ఏటి సార్, కుర్చీ లెక్కెట్టేరు, దీన్ని లెక్కెట్నేదేటి?" అన్నాడు. వెళ్ళిపోయే కాంట్రాక్టరు, స్లడ్జ్‌లోంచి నీళ్ళు పిండే సెంట్రిఫ్యూజ్ యంత్రాన్ని, అందులో కలిపే పాలిమర్ మందు ఖర్చెందుకని ఆపేసి, నెలరోజుల స్లడ్జ్ అంతా ట్యాంకులోనే వదిలేశాడు. ల్యాబులో చూస్తే లీటరుకి 5,600 మిల్లీగ్రాములుంది. వాళ్ళు లోపల దాచిపెట్టిన ఖర్చుని మేం రోజుకింతని మూడు వారాలపాటు బయటికి తీశాం.

అందుకే అతనిలాంటి పాత ఆపరేటర్ల కోసం నేను ఆఫీసులో గట్టిగానే పోట్లాడాను. రెండు నెలల జీతాలు బాకీ ఉన్నవాళ్ళు ఊరికే ఉండమంటే ఎందుకుంటారు? తొమ్మిది వందల కేజీల క్లోరిన్ టన్నర్, అంటే పెద్ద గ్యాసు సిలిండరు, మార్చడం కొత్త కుర్రాడి చేతిలో పెట్టే పని కాదు. అదే మనుషుల్ని, అదే షిఫ్టుల్లో, ఔట్‌సోర్సింగ్ కింద తీసుకున్నాం, మొదటి నెల జీతం మాత్రం ఒకటో తారీఖునే పడేలా చూశాం. మిగతా ఏర్పాట్లన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

జనరేటర్ డీజిల్ దగ్గర ఇంకో గొడవ. ఎస్టిమేట్‌లో రెండు రోజులకి సరిపడా రాశారు. మా మూడు నెలల్లో అక్టోబరు ఉంది బాబూ! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఊళ్ళో కరెంటు ఎన్ని రోజులకొచ్చిందో గుర్తు చేశాకే ఆ అంకె మారింది. తుఫాను రాలేదు, డీజిల్ మిగిలింది, దానికీ ఆడిట్‌లో ఒక ప్రశ్న వేశారు.

మూడు నెలలన్నది చివరికి ఏడు నెలలైంది. కొత్తవాళ్ళకి అప్పగించేటప్పుడు పట్టిక మొదటి గడిలో నేనే రాయించాను: స్లడ్జ్, లీటరుకి 3,200 మిల్లీగ్రాములు, అరగంటకి 310 మిల్లీలీటర్లు. వాళ్ళ మేనేజరు జార్ చూసి మరీ సంతకం పెట్టాడు. విరిగిన కుర్చీ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు, దానికి వేరే లెటర్ రాసివ్వమన్నారు.