తొమ్మిది నిమిషాల పది సెకన్లు

ప్రొజెక్టర్ మీద అద్దాల పళ్లెంలో రంగు నీళ్లూ రంగు నూనే కదిలిస్తూ పాటకు తగ్గట్టు తెర మీద రంగులు ఆడిస్తున్నాను. దీన్నే లిక్విడ్ లైట్ షో అంటారు. పాట పన్నెండున్నర నిమిషాలు. నా రంగులు తొమ్మిది నిమిషాల పది సెకన్లకే విరిగిపోయాయి. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1970 జనవరి 1న న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ కచేరీ హాల్లో వాయించిన ‘మెషిన్ గన్’ మొత్తాన్నీ ఒక్క పళ్లెంతో నడపాలని నా పట్టుదల. నిన్న రాత్రి మూడుసార్లు ప్రయత్నించాను.

తెర వెనక నుంచి వెలుగు వేయడం బ్రహ్మాండంగా కుదిరింది. ఫిల్‌మోర్ ఈస్ట్‌లో రంగుల వెలుగులు వేసిన జాషువా లైట్ షో బృందానిదీ ఇదే పద్ధతి. వాయించేవాళ్ల నీడ తెర మీద పడదు.

తంటా అంతా పళ్లెంలోనే. కింద 25 సెంటీమీటర్ల గోడగడియారం అద్దం, పైన 20 సెంటీమీటర్లది. 40 మిల్లీలీటర్ల నీళ్లలో నీలం, 25 మిల్లీలీటర్ల లిక్విడ్ పారాఫిన్ నూనెలో కొవ్వొత్తుల్లో వాడే ఎరుపు. నాలుగు నిమిషాల దాకా చూడముచ్చటగా ఉంది. పై అద్దం కాస్త నొక్కితే చాలు, నీలం మడుగులు ఉబ్బి విడిపోతున్నాయి. ఐదో నిమిషంలో అంచుల దగ్గర సన్నటి రవ్వలా మొదలైంది. ఏడో నిమిషానికి పాలు విరిగినట్టు అంతా పొడి చుక్కలైపోయి తెర మట్టిరంగుకు తిరిగింది.

వేడి వల్లేమో అనుకున్నాను. మొదట్లో 31 డిగ్రీలున్నది ఏడో నిమిషానికి 47కి చేరింది. వేడికి నూనె పలచబడుతుంది కదా. ఫ్యాన్ పెట్టి 38 దగ్గర ఆపితే ఎనిమిది నిమిషాలు నిలిచింది. తర్వాత సబ్బు గుర్తొచ్చింది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగిన అద్దాలవి, ఆ జిడ్డు ఏమాత్రం మిగిలినా నూనె, నీళ్లు కలిసిపోతాయి. వేడినీళ్లతో మూడుసార్లు కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పెడితే ఈ తొమ్మిది నిమిషాల పది సెకన్లు వచ్చాయి.

ఇక అనుమానం నా చేతి మీదే. ఆ పాటలో బడ్డీ మైల్స్ డ్రమ్ తుపాకీలా పేలే చోటల్లా ప్రతి దెబ్బకీ అద్దం నొక్కుతున్నాను. అది మజ్జిగ చిలికినట్టే. రేపు నాలుగు దెబ్బలకోసారే నొక్కి చూస్తాను.

నీళ్లలో కలిపే రంగుల్లో జెల్ మాత్రం వద్దు, ముద్ద కడుతుంది. పొడి ఫుడ్ కలరే మేలు. ఎల్ఈడీ బల్బు చల్లగా ఉన్నా, నేను వాడిన దానిలో ఎరుపు పేలవంగా కనిపించింది. నా పాత 3ఎం ప్రొజెక్టర్‌లోని హాలోజెన్‌తో ఎరుపు నిప్పులా వెలుగుతుంది. అలాంటిదే ఇంకొకటి వెతుకుతున్నాను. రెండుంటే ఒక పళ్లెం అలసిపోయేలోగా రెండోది అందుకుంటుంది. అప్పుడు గ్రేట్‌ఫుల్ డెడ్ రాక్ బృందం 1969 ఫిబ్రవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్‌మోర్ వెస్ట్‌లో వాయించిన ‘డార్క్ స్టార్’ పట్టుకోవాలి. అది 23 నిమిషాలు.