పదకొండు వేల సార్లు చెప్పింది

పొద్దున ఏడుంపావుకు ఫోన్. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట బియ్యం హోల్‌సేల్ కొట్టు ఓనరు. "మళ్లీ పోయిందబ్బయా, బిల్లు రావడంలా" అన్నాడు. ఆ 'మళ్లీ'ని కాస్త ఒత్తి పలికాడు. మూడు వారాల్లో ఇది ఆరోసారి, ఒత్తక ఏం చేస్తాడు?

ఆ కొట్టు పై గదిలో ఒకటే సర్వర్. దాంట్లో ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి మూడు వర్చువల్ మిషన్లు, అంటే ఒకే డబ్బాలో మూడు కంప్యూటర్లలా నడిచేవి, పెట్టింది నేనే. ఒకటి బిల్లింగుకి, ఒకటి ఫైళ్లకి, ఒకటి సీసీ కెమెరాల రికార్డింగుకి. మూడూ ఒకే బ్రిడ్జి (లోపలి ఉమ్మడి దారి) మీదుగా, ఒకే నెట్‌వర్క్ పోర్టు నుంచి బయటికి రావాలి. ఆ పోర్టు మూగబోతే కొట్టు మొత్తం ఆగిపోతుంది. రెండో పోర్టు ఉన్న కార్డు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పిద్దామని మొదట్లోనే అన్నాను. "ఒకటి చాల్లే" అన్నాడాయన. నేనూ సరే అన్నాను.

ఇప్పటిదాకా జరిగింది ఒకటే తంతు. పొద్దున్నే గుమాస్తా బాబాయి తాళం తీస్తాడు. సిస్టం కనెక్ట్ కావట్లేదని చూస్తాడు, మెట్లెక్కి పైకి పోయి సర్వర్ కరెంటు స్విచ్ తీసి వేస్తాడు. నేను వేదాయపాళెం నుంచి బయల్దేరి వీఆర్సీ సెంటరు, గాంధీబొమ్మ ట్రాఫిక్ దాటుకుని అక్కడికి చేరేసరికి అంతా మామూలే. బాబాయి బిల్లులు కొడుతూ, టీ తాగుతూ, "నేను లేపేశాలే నాయనా" అంటాడు. లేచిన మనిషిని చూసి ఏం జబ్బని చెప్పాలి? ఊహించడమే. మొదట కేబుల్ మార్చాను. తర్వాత ఎనిమిది పోర్టుల కొత్త నెట్‌వర్క్ స్విచ్ కొనిపించాను, 1,800 రూపాయలు. ఆ తర్వాత ఎండల మీదికి నెట్టాను. రోహిణి కార్తె, రేకుల కప్పు, వేడికి తట్టుకోలేకపోతోందని చెప్పి సర్వర్‌కి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టించాను. రోగం ఒకచోట, వాత ఇంకోచోట.

ఈరోజు బాబాయి లేడు. తమ్ముడి కూతురి పెళ్లికని నిన్న సాయంత్రం కావలి పోయాడు. "అన్నా, పైకి పోయి ఏదీ ముట్టుకోవద్దు, నేను వచ్చేదాకా అట్టనే ఉండనీ" అని గట్టిగా చెప్పాను. దోసె బండి దగ్గర చెప్పిన కారం దోసె పార్సిల్ కట్టించుకుని బండి తీశాను.

పై గదిలో ముందు నెట్‌వర్క్ స్విచ్ వైపు చూశాను. సర్వర్ కేబుల్ ఉన్న పోర్టు దగ్గర పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, కానీ మినుకుమనడం లేదు. పక్క పోర్టులన్నీ టకటకా కొట్టుకుంటుంటే అదొక్కటే కన్నార్పకుండా చూస్తోంది. సర్వర్ ఫ్యాన్ తిరుగుతోంది, డిస్కు లైటు కదులుతోంది. అంటే ప్రాణం ఉంది. కింద నుంచి పాత మానిటర్ మోసుకొచ్చి తగిలించాను.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పైకి పాకుతున్నాయి. ఈ1000ఈ, ఈఎన్‌ఓ1, డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్. దాని కింద నాలుగైదు లైన్ల అంకెలు. రెండు సెకన్లకొకసారి మళ్లీ అదే. ఈ1000ఈ అంటే ఆ నెట్‌వర్క్ చిప్‌ని నడిపే లైనక్స్ డ్రైవర్, ఈఎన్‌ఓ1 ఆ పోర్టు పేరు. చిప్ ఇరుక్కుపోయి కదలడం లేదని దాని మొర.

అంకెల్లో రెండు ముఖ్యం, టీడీహెచ్, టీడీటీ. కింద లారీ దగ్గర హమాలీలు చేసే పనే ఇది కూడా. డ్రైవర్ ఒక వైపు నుంచి ప్యాకెట్లు వరుసగా పేర్చుకుంటూ పోతుంది, కార్డు ఇంకో వైపు నుంచి ఎత్తుకుని బయటికి పంపుతుంది. ఎక్కడిదాకా పేర్చారన్నది టీడీటీ, ఎక్కడిదాకా ఎత్తారన్నది టీడీహెచ్. కుర్చీ లాక్కుని ఒక నిమిషం చూశాను. టీడీహెచ్ ఒక్క అంకె కూడా కదల్లేదు. సరుకు పేర్చి ఉంది, ఎత్తేవాడు నిలబడిపోయాడు.

కీబోర్డు పెట్టి లాగిన్ అయ్యాను, వెంటనే లోపలికి రానిచ్చింది. మూడు మిషన్లూ నడుస్తున్నాయి. బిల్లింగ్ మిషన్ నుంచి ఫైళ్ల మిషన్‌కి పింగ్ కొడితే జవాబు వస్తోంది. లోపల లోపల వాళ్లు బాగానే మాట్లాడుకుంటున్నారు, గడప దాటే దారి మాత్రం లేదు. ఇన్నాళ్లూ సర్వర్ చచ్చిపోతోందనుకున్నాం.

తర్వాత జర్నల్‌సీటీఎల్‌తో, అంటే సిస్టం రాసుకున్న లాగ్ (చిట్టా) చూపించే కమాండ్‌తో, సర్వర్ ఆన్ అయిన ఒక్కోసారిదీ తీశాను. ఇక్కడే సిగ్గేసింది. పోయిన శుక్రవారం రాత్రి 12:41 నుంచి, పొద్దున 6:52కి బాబాయి స్విచ్ తీసేదాకా అదే మాట. ఎన్నిసార్లుందో లెక్క పెట్టిస్తే పదకొండు వేల పైచిలుకు. అంతకుముందు సార్లు కూడా అంతే, అన్నీ పన్నెండున్నర దాటాకే మొదలు. రాత్రి పన్నెండున్నరకి బ్యాకప్ మొదలయ్యేలా పెట్టింది నేను. కెమెరా రికార్డింగులు కూడా ఆ వేళకే ఆగిపోయాయి, నేను చూసిందీ లేదు. బిల్లింగ్ విండోస్‌లో లాగ్స్ అన్నీ గాలించాను గానీ, దాని కింద ఉన్న హోస్ట్‌ని, అంటే అసలు సర్వర్‌ని, ఒక్కసారి అడగలేదు. స్విచ్ తీసి వేసిన బాబాయిని మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఆయన రీస్టార్ట్ చేసినా సాక్ష్యం ఎక్కడికీ పోలేదు, డిస్కు మీదే ఉంది.

ఈ డ్రైవర్ వాడేవాళ్లకి ఈ జబ్బు కొత్తది కాదు, ఏళ్లుగా తెలిసిందే. చాలామందికి పని చేసిన మందు టీఎస్ఓ అనే సెట్టింగ్ ఆపేయడం. ఓనరు పైకొచ్చి "ఏందది?" అంటే ఆయన భాషలోనే చెప్పాను. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడ్డాక, ఈయన కొట్టులోకి 26 కిలోల సంచులు దిగాయి. ఆ సంచులు కట్టే పని మిల్లుదా, కొట్టుదా? ఇక్కడా అదే ప్రశ్న. పెద్ద ఫైలు పంపేటప్పుడు లైనక్స్ 64 కేబీ దాకా ఒకే ముద్దగా కార్డుకి అప్పజెబుతుంది. 1,500 బైట్ల ప్యాకెట్లుగా, అంటే సుమారు 45 ముక్కలుగా కోసుకునే పని కార్డుది. అదే టీఎస్ఓ. మామూలుగా దీనివల్ల ప్రాసెసర్‌కి శ్రమ తగ్గుతుంది. రాత్రి బ్యాకప్‌లో ముద్ద మీద ముద్ద వచ్చి పడుతుంటే మన కార్డు ఎక్కడో చిక్కుకుంటోంది. ఇకనుంచి ముక్కలు మనమే కోసి ఇద్దాం. "అయితే మన సంచులు మనమే కట్టుకోవాలంటావ్" అన్నాడు. అంతే అన్నా అన్నాను.

నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు మార్చే ఈత్‌టూల్ కమాండ్‌తో టీఎస్ఓ, దాని జత జీఎస్ఓ (ఆ కోత పనే సాఫ్ట్‌వేర్‌లో చేసేది) రెండూ ఆఫ్ చేశాను. పోర్టుని ఒకసారి డౌన్ చేసి అప్ చేశాను. మూడు సెకన్లు. పచ్చ లైటు మినుకుమంది, కింద నుంచి "వచ్చింది, వచ్చింది" అని కేక. రీస్టార్ట్ అయినా పోకుండా నెట్‌వర్క్ సెట్టింగులుండే ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో పోస్ట్-అప్ లైను (పోర్టు లేచిన ప్రతిసారీ నడిచేది) కూడా రాశాను. అది మర్చిపోతే కరెంటు పోయి వచ్చిన రోజు కథ మళ్లీ మొదటికొస్తుంది.

మధ్యాహ్నం కొట్టు సద్దుమణిగాక బ్యాకప్ చేత్తో నడిపించాను. 180 జీబీ దాకా, నలభై నిమిషాలు పట్టింది. చల్లారి అట్టలా అయిన దోసె తింటూ లాగ్ చూస్తూ కూర్చున్నాను. ఒక్క హ్యాంగ్ లేదు. ప్రాసెసర్ లోడ్ రవ్వంత పెరిగింది, అది లెక్కలోకి రాదు. కానీ ఒక్క బ్యాకప్ పూర్తయిందని నమ్మలేను. పాత సెట్టింగ్‌తోనూ రోజూ ఆగలేదు కదా, ఇరవై రాత్రుల్లో ఆరు. పది రాత్రులన్నా గడవాలి.

దిగేటప్పుడు టేబుల్ ఫ్యాన్ ఆపి కిందికి తెచ్చిచ్చాను. స్విచ్ సంగతి చెప్పాలా వద్దా అని మెట్ల మీద ఆగాను. చెప్పేశాను, అది అవసరం లేకుండా కొనిపించాను, ఈ నెల బిల్లులో తగ్గించుకోమన్నాను. ఆయన కాటా వైపే చూస్తూ "సర్లే, ఉండనీ, పాతదానికి రెండు పోర్టులు పోయున్నాయి గదా" అన్నాడు. ఆ మాట నాకు ముందే చెప్పి ఉంటే ఇంకో రెండు రోజులు స్విచ్‌నే అనుమానించేవాణ్ణి.

రాత్రి తొమ్మిదింటికి కావలి నుంచి బాబాయి ఫోన్. వెనక బ్యాండు మోత. "పొద్దున పోయిందంట గదా, ఎవరు స్విచ్ తీసి వేసింది?"

"ఎవరూ వెయ్యలేదు బాబాయ్. లోపల సెట్టింగ్ మార్చినా."

కాసేపు బ్యాండే వినిపించింది. "సరే నాయనా. నేను రేపు పొద్దున్నే వస్తా. వచ్చి ఎందుకైనా మంచిది, ఒకసారి తీసి వేస్తా."

ఇప్పుడు పన్నెండూ ముప్పై ఎనిమిది. ఫోన్‌లో పింగ్ పెట్టుకుని కూర్చున్నాను, జవాబులు వస్తున్నాయి.