ముకావు: కరువుకు తట్టుకుంటుంది, మొలకే గగనం

కెన్యాలోని కితుయి, కిబ్వేజీ మెట్టల్లో కాంబా రైతులు ముకావు అనే చెట్టు, అంటే మెలియా వోల్కెన్సీ, మన తురకవేపకూ మలబారు వేపకూ దగ్గరి చుట్టం. ఎర్రటి కలప, చెదకు లొంగదు, తలుపులకూ మంచాలకూ మహాగనికి దీటు. ఏడాదికి 300 నుంచి 800 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకుంటుంది.

పండును ఉన్నపళంగా పాతితే మొలక మీద ఆశ వదులుకోవచ్చు. రోట్లో దంచి గుజ్జు వదిలించాలి. మేకలు పండ్లు తిని దొడ్లో వదిలే టెంకలు ఏరుకుంటే ఆ పని తప్పుతుంది గానీ, అవి ఏ చెట్టువో తెలియదు. కలప కోసమైతే నిటారు మాను గల చెట్ల విత్తనమే తేవడం మేలు. ఆరిన టెంకను గాడి తీసిన చెక్కలో నిలిపి, కత్తి ఆనించి, సుత్తితో తేలిగ్గా కొట్టాలి. దెబ్బ గట్టిగా పడితే లోపలి గింజ తెగుతుంది.

గింజ మొన దగ్గర పెంకు కాస్త గిల్లి, రాత్రంతా నీళ్లలో నాననివ్వాలి. తెల్లారాక బ్లేడుతో పెంకును నిలువుగా చీల్చాలి, పప్పుకు గాటు పడకూడదు. వేయించి చల్లార్చిన ఇసుకలో విత్తి, పైన పాలిథిన్ కప్పాలి. ఇసుక చెమ్మగా ఉంటే చాలు. ఇక్కడ ఎక్కువమంది చెడేది నీళ్లు ఎక్కువై బూజు పట్టడం వల్లే. ఆకులు విచ్చాక సంచుల్లోకి మార్చి కొన్నాళ్లు నీడలో ఉంచాలి. నారుమడిలో ఎర్రనల్లి మీద కన్నేయాలి.

కితుయి వైపు అక్టోబరు–డిసెంబరు వానలే నమ్మకమైనవి, నాటేది అప్పుడే. 45 సెంటీమీటర్ల గుంటలు, మొక్కల మధ్య 4 మీటర్లు. నీరు నిలిచే నల్లరేగడి వద్దు. మొదటి రెండు మూడేళ్లు వరుసల మధ్య పెసర, అలసంద వేసుకోవచ్చు. పొడుగు పంటల నీడ మాత్రం దీనికి గిట్టదు.

అసలు డబ్బు మాను నునుపులో ఉంది. ఆకు మొదట్లో పక్క మొగ్గ పొడుచుకురాగానే, పచ్చిగా ఉండగానే బొటనవేలితో తుంచేయాలి. ఆకు జోలికి పోవద్దు, అది మొక్కకు తిండి. వానల్లో చిగుళ్లు జోరుగా వస్తాయి కాబట్టి తోట తరచూ తిరగాలి. తర్వాత రంపంతో కోద్దామని కొమ్మను ముదరనిస్తే గాయం పెద్దదవుతుంది, అందులోంచి శిలీంధ్రం దిగి మాను పుండు పడుతుంది, పలకలో ముడి మిగులుతుంది.